ఊది చూసే మనిషి

ప్రార్థనలో నిలబడి తల గోక్కునే పిల్ల కనిపిస్తే ఇక నాకు ప్రార్థన మీద మనసు నిలవదు. మొన్న సోమవారం అదే జరిగింది. మూడో తరగతి వరసలో చివర నిలబడ్డ పిల్ల ఒక్క చేత్తోనే దణ్ణం పెడుతూ రెండో చేత్తో చెవి వెనక బరబరా గోక్కుంటోంది. మా బడిలో వంట చేసే ఆమె నా పక్కకి జరిగి చెవిలో చెప్పింది.

"ఈ గుంటకి తలనిండా పేలు, ఈపులేనండి టీచరమ్మా. పోయిన వారం మందు రాసినారు, అయినా పోనేదు. ఇంటికి పంపించీండి, నేకపోతే అందరికీ ఎక్కించేత్తాది."

ప్రార్థన అయ్యాక ఆ పిల్లని పిలిచి, తల వంచి, పాపిట విడదీసి ఊదాను. తెల్లటి పొట్టు ఎగిరి నా చీర మీద పడింది.

"ఈపులు కావు. మందుకి చర్మం ఎండి పొట్టు రాలుతోంది," అన్నాను.

"ఊదితే తెలిసిపోతాదేటండి?" అంది వంటామె, నేనేదో మంత్రం వేసినట్టు చూస్తూ.

తెలిసిపోతుంది. ఆ పిల్లని ఇంటికి పంపలేదు. వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి, చేటలో రాజ్మా గింజలు పోసి, పుచ్చులు ఏరమన్నాను. తల దురదకీ రాజ్మాకీ ఏం సంబంధమని వంటామె మళ్ళీ అడిగింది. అది చెప్పాలంటే నాకు ఈ రెండూ నేర్పిన మనిషి గురించి చెప్పాలి. ఆ మనిషి పోయిందని పదిహేను రోజుల కిందట తెలిసింది. పాడేరు బస్సులో, నాతో హాస్టల్లో చదివిన స్నేహితురాలు పక్కసీట్లో కూర్చుని చెప్పింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. తల దురద పెట్టింది. నవ్వుకోండి ఫరవాలేదు, బస్సు ఘాటురోడ్డు దిగేదాకా నేను తల గోక్కుంటూనే ఉన్నాను.

మేమంతా ఆమెను ఆయమ్మ అనేవాళ్ళం. ఆమెకు ఓ పేరుంది, హాజరు పుస్తకంలో ఉండేది, దాన్ని ఎవరూ వాడిన గుర్తు లేదు. అరకు నుంచి పాడేరు వెళ్ళే రోడ్డుకి పైన, గుట్ట వాలులో మా ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. వందమందికి పైగా ఉండేవాళ్ళం, అందరం కొండ మీది ఊళ్ళవాళ్ళమే. చలికాలం పొద్దున్న పొగమంచులో కుళాయి కనపడేది కాదు, నీళ్ళ చప్పుడు విని వెళ్ళేవాళ్ళం. ఆ చలికి ముగ్గురేసి ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళం. ఇంక పేలకి ఏం కావాలి? ఒక తలలో పుట్టి, రెండో తలలో పెరిగి, మూడో తలలో పిల్లల్ని పెట్టేవి.

ఆయమ్మ పొట్టి మనిషి. నడిస్తే మాత్రం వరండా అదిరేది. జుట్టంతా వెనక్కి లాగి, పిడికిలంత ముడి వేసి, ఆ ముడిలో పేల దువ్వెన దోపుకునేది. రెండు వైపులా సన్నటి పళ్ళున్న చెక్క దువ్వెన, నల్లగా నూనె తాగి ఉండేది. ఎక్కడైనా ఎవరైనా తల గోక్కుంటే చాలు, ఆమె చెయ్యి ముడి మీదికి పోయేది. వంటింట్లో ఉన్నా, బియ్యం బస్తా మోస్తున్నా, పోయేది. చేతికి అందిన పిల్లని వరండా మెట్ల మీదికి లాక్కుపోయి, తను పై మెట్టు మీద కూర్చుని, పిల్లని కింది మెట్టు మీద కూలేసి, మోకాళ్ళ మధ్య తల ఇరికించేది. పిల్ల ఒళ్ళో తెల్లగుడ్డ పరిచేది. పాత దుప్పటి చించి చేసిన గుడ్డ అది, రోజూ ఉతికేది. రాలినవి గుడ్డ మీద కనపడాలి. పని అయ్యాక దువ్వెనని కొంగుతో తుడిచి మళ్ళీ ముడిలో దోపుకుని లేచిపోయేది.

దువ్వే ముందు తప్పకుండా ఊదేది. పాపిట తీసి, ముఖం దగ్గరగా పెట్టి, ఉఫ్ అనేది. ఈపి, అంటే పేను గుడ్డు, వెంట్రుకని పట్టుకుని ఉంటుంది, ఊదినా విదిలించినా కదలదు. పొట్టయితే ఎగిరిపోతుంది. అది చూశాకే ఆమె నోరు విప్పేది. ఉన్నాయి అనో, నేవు అనో ఒక్కమాట. కొంచెం ఉన్నాయేమో, తగ్గినట్టున్నాయి, ఇలాంటివి ఆమె దగ్గర లేవు. "ఒక్కటున్నా ఉన్నట్టే," అనేది. ఆమె నేవు అంటే మా అందరికీ ఆసుపత్రి చీటీతో సమానం.

మందు రాశాక వచ్చే దురద గురించి మాకు చెప్పింది కూడా ఆమే. మందు పట్టుకొచ్చిన నర్సమ్మ ఒకసారి వరండాలో నిలబడి అంతా వివరంగా చెప్పిందట. పది నిమిషాలుంచి కడిగేయాలి, మళ్ళీ వారం దాకా ముట్టకూడదు, పేలు చచ్చినా వారం పది రోజులు దురద ఉంటుంది, అది చూసి మళ్ళీ మళ్ళీ మందు రాయకూడదు. మేము కిచకిచలాడుతూ వినలేదు. ఆయమ్మకి చదువు రాదు కాబట్టి ఒక్క మాట పొల్లుపోకుండా వింది. దాన్ని తన భాషలోకి మార్చుకుంది.

"పేను దురద నడుత్తాదే గుంటా. ఇక్కడ పెట్టి అక్కడికి పోతాది. మందు దురద నడవదు, ఉన్నకాడే కూకుంటాది. నీది నడుత్తందా, కూకున్నాదా?"

మేము కళ్ళు మూసుకుని ఆలోచించి, కూకున్నాది ఆయమ్మా, అనేవాళ్ళం. అప్పుడు వైద్యం మొదలయ్యేది. ముందు గోళ్ళు తీయించేది. చల్లనీళ్ళతో తల తడిపించేది, సబ్బు జోలికి పోనిచ్చేది కాదు. నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేలి చివరతో అద్దేది. ఆ తరవాత చేట తెచ్చి ముందు పెట్టేది.

"సేతులు కాళీగా ఉంటే తల మీదికే పోతాయి. ఏరు."

బియ్యంలో రాళ్ళో, రాజ్మాలో పుచ్చులో ఏరించేది. చోళ్ళు, అదే రాగులు, మాత్రం ఎప్పుడూ ఇచ్చేది కాదు, అవి చూస్తే పేలే గుర్తొస్తాయట. చేట అయిపోతే ఇంకో చేట. మా హాస్టల్ అన్నంలో రాయి తగిలేది కాదని ఎవరైనా మెచ్చుకుంటే దానికి కారణం మా దురదే.

ఇక నా సంగతి.

నేను పదో తరగతి. కాఫీ పళ్ళ కోతకని చాలామందిమి ఊళ్ళకి వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు తలలో కాపురాలు మోసుకొచ్చాం. నర్సమ్మ వచ్చింది, కుళాయి దగ్గర వరసగా నిలబెట్టి అందరికీ మందు రాశారు. ఆ సాయంత్రమే మేడమ్ చెప్పింది. శనివారం తలలు చూస్తాను, ఎవరి తలలో ఇంకా ఉంటే వాళ్ళని ఇంటికి పంపుతాను, పూర్తిగా తగ్గాకే రావాలి అని.

మేడమ్ అంటే మా వార్డెను. చెడ్డ మనిషేం కాదు. మైదానం నుంచి వచ్చింది, ఇంతమంది పిల్లల భారం ఒక్కతే మోసేది, పేలంటే మాత్రం హడలిపోయేది. ఆవిడ లెక్కలో ఇంటికి పంపడమంటే పది రోజుల సెలవు. మా లెక్క వేరు. ఇంటికి పంపిన పిల్ల మళ్ళీ బడికి రావడం మేము పెద్దగా చూడలేదు. మా నాన్న అప్పటికే నన్ను మా మామ కొడుక్కి ఇచ్చేద్దామని అంటున్నాడు. పదోది కానీయండి అని నేను బతిమాలి వచ్చాను. మిరియాల కోత మొదలవబోతోంది, ఇంట్లో చేతులు కావాలి. నేను వెళ్ళి గుమ్మంలో నిలబడితే నా పుస్తకాల ట్రంకుపెట్టెలో చోళ్ళు పోసుకుంటారు. ఆ పెట్టెలో మళ్ళీ పుస్తకాలు పడవు. ఇది నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించేది.

మందు రాసిన మర్నాటి నుంచి నాకు దురద. కూర్చుని ఉన్న దురదే. కానీ భయం పట్టుకున్నాక నడుస్తోందో కూర్చుందో ఎవరికి తెలుస్తుంది? చావలేదు, నా పేలు చావలేదు అనుకున్నాను. ఆయమ్మ గది గూట్లో సగం మిగిలిన మందుసీసా ఉంది. అది దొంగిలించాను. రోజూ పొద్దున్న స్నానాల గదిలో తలకి పట్టించి, పది నిమిషాలు కాదు, బడి గంట కొట్టేదాకా ఉంచుకునేదాన్ని. ఎంత రాస్తే అంత దురద, ఎంత దురదకి అంత మందు. నాలుగో రోజుకి నా తల మీద చర్మం పగిలి, జుట్టు నిండా తెల్లటి పొట్టు.

శుక్రవారం బట్టలు ఆరేస్తుంటే ఆయమ్మ నా పక్కనుంచి వెళ్ళబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది. మందు వాసన.

"ఏటి సేత్తన్నావే తలకి?"

నా తల వంచి చూసింది. కొడుతుందనుకున్నాను. తన నుదురే టపటపా కొట్టుకుంది.

"ఎన్నిసార్లు రాసినావే?"

"నాలుగు."

"తోలు కాల్సేసుకున్నావు గదే తల్లీ. పేలు మొదటిరోజే సచ్చినాయి. నువ్వు రాసింది నీ తోలుకి." పాపిట తీసి ఊదింది. మూడు చోట్ల ఊదింది. "నేవు. ఒక్క ఈపి నేదు. ఇదంతా పొట్టు."

"మేడమ్ ఒప్పుకోదు ఆయమ్మా," అని నేను ఏడవడం మొదలుపెట్టాను. నాకు ఏడుపు తొందరగా రాదు. వస్తే ఆగదు.

ఆమె నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, తలకి నీళ్ళు పోసి, నూనె అద్దుతూ నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఒకటి చెప్పింది. నాకంటే ముందు, తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేదట. తలలో తెల్లగా కనిపిస్తే మేడమ్ కంటే ముందున్నావిడ, ఏమిటివి అని అడిగిందట. ఆయమ్మ చేతిలో పని ఉండి, పైపైన చూసి, ఈపులేనండి అనేసిందట. ఆ పిల్లని ఆ మధ్యాహ్నమే జీపు ఎక్కించేశారు.

"మరి రానేదు. తరవాత ఏడు సంతలో కనపడినాది. సంకలో పిల్ల, ముందర పసుపు కొమ్ముల కుప్ప. నన్ను సూసి నవ్వినాది, కోపం నేదు దానికి. దగ్గిరికెల్లి తల సూసినాను. ఎప్పుడూ దానికి అదే పొట్టేనంట, సలికి వత్తాదంట. ఆ రోజు నాను ఊదనేదే. ఒక్కపాలి ఊదుంటే ఆ గుంట సదువుకునేది."

ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. నా తలలో వేలు మాత్రం ఒకే చోట ఆగిపోయింది.

"నిన్నెల్లనివ్వను. ఏడుపాపి సేట అందుకో," అంది.

శనివారం పొద్దున్న వరండాలో అందరం వరసగా నిలబడ్డాం. మేడమ్ చేతిలో పెన్సిలు. దాని కొసతో జుట్టు పక్కకి తోసి, ఒక మూర దూరం నుంచి చూసేది. నా దగ్గరికి వచ్చి పెన్సిలు పెట్టగానే ముఖం చిట్లించింది.

"అయ్యో, ఇదేమిటి, నిండా ఈపులే! దీని పేరు రాయండి. మధ్యాహ్నం బస్సుకి పంపించేద్దాం."

"ఈపులు కావండి," అంది ఆయమ్మ వెనకనుంచి.

"కనిపిస్తున్నాయి కదా, ఆయమ్మా."

"పొట్టండి. ఊది సూడండి మేడంగోరూ."

మేడమ్ ఊదలేదు. ఊదాలంటే ముఖం అంత దగ్గరకి తేవాలి. "పరీక్షల ముందు మిగతావాళ్ళకి ఎక్కితే ఎవరిది బాధ్యత? ఒక్కదాని కోసం ఇంతమందినీ..." అని పక్క పిల్ల దగ్గరికి కదలబోయింది.

ఆయమ్మ అడ్డం వచ్చి నిలబడింది. మేడమ్‌కి ఎదురు నిలబడగా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడే దువ్వుతానండి, మీ ముందరే. ఒక్క పేను, ఒక్కటంటే ఒక్కటి గుడ్డ మీద పడితే ఈ గుంటని నానే బస్సెక్కిత్తాను."

నాకు ధైర్యం వచ్చింది. ఆమె అంత మాట అన్నదంటే నా తల శుభ్రంగా ఉన్నట్టే. నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి తెల్లగుడ్డ నా ఒళ్ళో పరిచింది. ముడిలోంచి దువ్వెన లాగింది. నుదుటి నుంచి మెడదాకా ఒక్క దువ్వు దువ్వింది.

గుడ్డ మీద పేను పడింది.

బలిసిన పేను. తెల్లగుడ్డ మీద తాపీగా నడుచుకుంటూ పోతోంది. నేను దాన్నే చూస్తున్నాను, నాకు కనిపిస్తున్నది మాత్రం ట్రంకుపెట్టె నిండా చోళ్ళు.

"చూశావా మరి," అంది మేడమ్. గెలిచినట్టుగా అనలేదు, పాపం, బాధగానే అంది.

ఆయమ్మ వంగి పేను వంక చూసింది. దువ్వెన వంక చూసింది. అది ఆమె చేతిలో పనేనని నాకు తెలుసు, ఒక్క గోరుతో నొక్కేస్తే అయిపోయేది, పొట్టేనండి అనేస్తే అయిపోయేది. ఆమె అలా చేయదనీ తెలుసు. ఒక్కటున్నా ఉన్నట్టే. నేను బస్సు గురించే ఆలోచిస్తున్నాను.

అప్పుడు ఆమె చెయ్యి మెల్లగా ముడి మీదికి పోయింది. దువ్వెన దోపుకునే చోటు తడుముకుంది. తరవాత ముడి విప్పేసింది. ఇన్నేళ్ళలో ఆమె జుట్టు విప్పి ఉండగా మాలో ఎవరం చూడలేదు. నడుం దాకా ఉంది. నన్ను మెట్టు మీదనుంచి లేపి, ఆ చోట తను కూర్చుని, గుడ్డ ఒళ్ళో పరుచుకుని, దువ్వెన నా చేతికి ఇచ్చింది.

"దువ్వు," అంది.

"ఆయమ్మా..."

"దువ్వే బేగి."

దువ్వాను. పడ్డాయి. ఇంకో దువ్వు దువ్వాను, ఇంకా పడ్డాయి. వందమంది తలలు చూసిన మనిషి తల ఎవరూ చూడలేదు, చూడాలని ఎవరికీ తోచలేదు. మా తలల్లో దువ్విన దువ్వెన ఆమె ముడిలోకి, ముడిలోంచి మళ్ళీ మా తలల్లోకి తిరుగుతూనే ఉంది. ఎన్ని మందులు రాసినా మా హాస్టల్లో పేలు ఎందుకు పోలేదో ఆ పొద్దున్న అందరికీ ఒకేసారి అర్థమైంది. ఒక్కరు కూడా నవ్వలేదు.

"ఇది ఈ గుంటది కాదండి, నాది," అంది ఆయమ్మ, గుడ్డ చూపిస్తూ. "దువ్వెన ముడిలో దోపుకుంటన్నాను గదా. అందరి పేలూ నా తల్లోనే కాపరమున్నాయి."

మేడమ్ ఒక అడుగు వెనక్కి వేసింది. "నీకు దురద పెట్టలేదా ఇన్నాళ్ళూ?"

"సేతులు కాళీ ఉంటే గదండి గోక్కుంటాను."

"పిల్లల దగ్గర పనిచేసే మనిషివి..." అనబోయింది మేడమ్.

"తప్పేనండి. నన్ను పంపించీండి ఇంటికి. నాకు పరీచ్చలు నేవు. ఈ గుంటకున్నాయి."

జుట్టు విరబోసుకుని, ఒళ్ళో పేలగుడ్డ పెట్టుకుని, వందమంది పిల్లల ముందు కూర్చుని అన్నది ఆ మాట. మా కొండ మీద ఆడమనిషికి అంతకంటే సిగ్గుపడే సంగతి ఉండదు. నేను ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాను, ఆమె నా చెయ్యి తీసేసింది. కరుణ చూపిస్తే పని చెడుతుందని కాబోలు.

వంటింట్లోంచి మరిగిన నీళ్ళు తెప్పించింది. దువ్వెనని అందులో ముంచి ఉంచి, తుడిచి, ఈసారి ఇంకో పిల్ల చేతికి ఇచ్చి నా తల నాలుగు వైపుల నుంచీ దువ్వించింది. కొత్త గుడ్డ మీద పొట్టు తప్ప ఏదీ పడలేదు. మేడమ్ గుడ్డ వంక చాలాసేపు చూసింది. తరవాత వంగి, నా తల దగ్గరికి వచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని ఊదింది. చలికాలం టీ కప్పు మీద ఊదినట్టు, భయంభయంగా. పొట్టు ఎగిరింది. ఆవిడే నా పేరు కొట్టేసింది.

ఆయమ్మనీ పంపలేదు. సీసాలో అడుగున మిగిలిన మందు ఆమెకి ఇచ్చి, "పది నిమిషాలే. రెండు రోజులు ఏ పనీ ముట్టుకోకు, గదిలోనే ఉండు," అంది మేడమ్. ఆవిడ దాన్ని దయ అనుకుంది. ఆయమ్మకి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె గదికి వెళ్ళాను. ఏ పనీ లేక, గుమ్మం చెక్కకి వీపూ తలా ఆనించి, ఎద్దు చెట్టుకి రాసుకున్నట్టు రాసుకుంటోంది. నన్ను చూసి ఆపేసింది.

"ఇదేటే ఈ దురద! ఇన్నేళ్ళూ కూకుంటాది, కూకుంటాది అని మీకు సెప్పినాను. కూకోడం కాదే ఇది, తవ్వుతంది. ఎలా ఓర్సుకున్నారే గుంటల్లారా? నాను కసిరితే ఒక్కరూ ఎదురు సెప్పనేదు."

ఆమె ముఖంలో నిజంగా బాధ ఉంది. దురద బాధ కాదు. ఇన్నేళ్ళు పిల్లలకి ఓర్చుకో అని చెప్పిన మనిషికి, ఎంత ఓర్చుకోవాలో అప్పుడు తెలిసింది.

నేను వెనక దాచుకున్న చేట ముందుకి తెచ్చి ఆమె ముందు పెట్టాను. రాజ్మా.

"ఏరు," అన్నాను.

"నాకే సెప్తావేటే?" అని కళ్ళెర్రజేసింది. ఆ తరవాత చేట దగ్గరికి లాక్కుంది. ఇద్దరం చీకటి పడేదాకా ఏరాం. గోకబోయినప్పుడల్లా ఆమె చేతి మీద నేను కొట్టాను. పది రోజులు ఆ పని నాదే. ఆ రోజు నుంచి దువ్వెన ముడిలోకి వెళ్ళలేదు, వరండాలో మేకుకి తగిలించిన డబ్బాలో ఉండేది, వాడిన ప్రతిసారీ వేడినీళ్ళు. ఆ వేసవికి మా హాస్టల్లో పేలు పోయాయి. పరీక్షలు రాశాను. మా ఇంట్లో చోళ్ళు గాదెలోనే పోశారు. నా పెట్టెలో పుస్తకాలే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

ఆమెను చివరిసారి చూసింది పోయిన ఏడు, వారం సంతలో. నేను తోటి టీచర్లతో వెళ్ళాను, మంచి చీర, భుజానికి బ్యాగు. ఎండు చేపల బుట్టల దగ్గర ఎవరో వెనకనుంచి నా మెడ పట్టుకుని తల కిందికి వంచారు. అరవబోయాను. పాపిట మీద ఉఫ్ అని గాలి తగిలింది. అంతే, ఎవరో తెలిసిపోయింది.

"నేవు," అంది ఆయమ్మ, సంతంతా వినపడేట్టు. "బాగున్నావే. సదువు సెప్తన్నావంట గదా."

నా తోటి టీచర్లు చేపలు చూస్తున్నట్టు నటించారు. ఆమె బాగా వంగిపోయింది, అసలే పొట్టి మనిషి. ఉద్యోగం మానేసి చాలాకాలమైందట, కొడుకు దగ్గర ఉంటోందట. నేను ఆరోగ్యం అడిగితే అది వదిలేసి వేరే సంగతి చెప్పింది.

"కోడలు మంచిదే. దానికి పొలమే పొద్దు సరిపోతాది. నా తల సూసినోళ్ళే నేరు. దురద పెడతన్నాది. నడుత్తందో కూకున్నాదో ఈ వయసులో తెలీటం నేదే."

బస్సు హారన్ కొడుతోంది. టీచర్లు పిలుస్తున్నారు. ఆదివారం మీ ఇంటికి వచ్చి చూస్తాను ఆయమ్మా అని నోటిదాకా వచ్చింది. మేడమ్ ఆ రోజు వెనక్కి వేసిన అడుగు గుర్తొచ్చింది. మా టీచర్లని వెళ్ళిపొమ్మన్నాను. చేపలామె గోనె ఒకటి ఇస్తే పరుచుకుని, అంతమంది మధ్యలో కూర్చుని, ఆయమ్మని ముందు కూర్చోబెట్టి ముడి విప్పాను. చుట్టూ జనం ఆగి చూశారు. చూడనీ.

దువ్వెన లేదు, వేళ్ళతోనే పాయ పాయా తీసి చూశాను. ఆమె చేతులు ఖాళీగా ఉండలేక నా బ్యాగు జిప్పు లాగుతూ మూస్తూ ఉన్నాయి.

"ఉన్నాయా?"

"నేవు ఆయమ్మా."

"సరిగ్గా సూసినావా? ఒక్కటున్నా ఉన్నట్టే. ఊదినావా?"

వంగి, ముఖం దగ్గరగా పెట్టి, ఊదాను. ఏదీ ఎగరలేదు. తెల్లగా ఉన్నదంతా జుట్టే.